ఛార్జర్ మీద ఉన్న రెండు అంకెలతో ఇంట్లో కరెంటు లెక్క: రెసిస్టెన్స్, పవర్ ఎలా కట్టాలి?

ఈ ఎపిసోడ్‌కి పెన్ను, పేపర్ అక్కర్లేదు. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఓపెన్ చేసుకోండి, చాలు. ఇంకో చిన్న పని. మీ ఫోన్ ఛార్జర్‌ని ప్లగ్ నుంచి తీసి చేతిలో పట్టుకోండి. దాని మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఏదో రాసి ఉంటుంది. కనబడకపోతే ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చూడండి.

ఇన్‌పుట్ అని ఒక లైన్ ఉంటుంది: 100 నుంచి 240 వోల్ట్స్. దాని కింద అవుట్‌పుట్ అని ఇంకో లైన్: 5 వోల్ట్స్, 2 ఆంప్స్. ఫాస్ట్ ఛార్జర్ అయితే పక్కనే 9 వోల్ట్స్, 2 ఆంప్స్ అని కూడా ఉండొచ్చు. ఈ రెండు అంకెల్ని గుణించండి. 5 ఇంటూ 2, పది. అంటే అది 10 వాట్ల ఛార్జర్. 9 ఇంటూ 2, పద్దెనిమిది. అంటే 18 వాట్లు. డబ్బా మీద "18 వాట్ ఫాస్ట్ ఛార్జింగ్" అని పెద్ద అక్షరాల్లో వేసేది ఈ గుణకారమే.

ఇదే లెక్కతో మీ హాస్టల్ రూమ్‌లో ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఎంత బరువు మోయగలదో చెప్పొచ్చు. హీటర్ రాడ్ పెట్టినప్పుడు ప్లగ్ ఎందుకు కాలిపోతుందో, తడి చేత్తో స్విచ్ ముట్టుకోవద్దని అమ్మ ఎందుకు అరుస్తుందో కూడా ఇదే లెక్క చెబుతుంది. ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు "కరెంటు" అనే మాట సంగతి

మన తెలుగులో ఒక ఇబ్బంది ఉంది. మనం అన్నిటినీ "కరెంటు" అనేస్తాం. సప్లై పోతే "కరెంటు పోయింది" అంటాం. బల్బు డిమ్‌గా వెలిగితే "కరెంటు తక్కువొస్తోంది" అంటాం, కానీ అక్కడ తగ్గింది వోల్టేజ్. బిల్లు ఎక్కువొస్తే "కరెంటు ఎక్కువ కాలింది" అంటాం, అది ఎనర్జీ, అంటే యూనిట్లు. మాట్లాడుకోడానికి పర్లేదు గానీ, లెక్క కట్టాలంటే వీటిని విడదీసుకోవాలి. అందుకే ఈ ఎపిసోడ్‌లో నేను ప్రవాహం గురించి చెప్పేటప్పుడు "ఆంపియర్లు" లేదా "ఆంప్స్" అనే అంటాను.

మీ ఇంటి మీద ఉన్న వాటర్ ట్యాంక్‌ని గుర్తు తెచ్చుకోండి. పై అంతస్తులో ట్యాప్ తిప్పితే నీళ్లు నీరసంగా పడతాయి, కింద గ్రౌండ్ ఫ్లోర్‌లో జోరుగా పడతాయి. ట్యాంక్ ఎంత ఎత్తులో ఉంటే నీటిని తోసే బలం అంత ఎక్కువ. కరెంటులో ఆ తోసే బలమే వోల్టేజ్, వోల్ట్స్‌లో కొలుస్తాం. మన ఇళ్లకి వచ్చేది 230 వోల్ట్స్. పైపులో సెకనుకి ఎన్ని నీళ్లు పోతున్నాయి అనేది ఆంపియర్లు. పైపు సన్నగా ఉన్నా, లోపల తుప్పు పట్టినా నీళ్లకి అడ్డం పడుతుంది కదా, ఆ అడ్డమే రెసిస్టెన్స్. పదో తరగతి పుస్తకంలో నిరోధం అని చదివి ఉంటారు. దీన్ని ఓమ్స్‌లో కొలుస్తాం. ఇక ఆ నీళ్లు సెకనుకి ఎంత పని చేస్తున్నాయి అనేది పవర్, వాట్స్‌లో కొలుస్తాం.

వోల్ట్స్, ఆంప్స్, ఓమ్స్, వాట్స్. ఈ నాలుగిట్లో ఏ రెండు తెలిసినా మిగతా రెండూ వచ్చేస్తాయి.

రెండే రెండు సూత్రాలు

మొదటిది ఓమ్ సూత్రం. జర్మనీకి చెందిన జార్జ్ సైమన్ ఓమ్ అనే ఆయన 1827లో అచ్చు వేసిన పుస్తకంలో దీన్ని చెప్పాడు. మాటల్లో ఇంతే:

వోల్ట్స్ = ఆంప్స్ × ఓమ్స్

దీన్నే అటూ ఇటూ తిప్పితే:

ఓమ్స్ = వోల్ట్స్ ÷ ఆంప్స్
ఆంప్స్ = వోల్ట్స్ ÷ ఓమ్స్

రెండోది పవర్ సూత్రం. ఛార్జర్ మీద మనం ఇందాక చేసింది ఇదే:

వాట్స్ = వోల్ట్స్ × ఆంప్స్

ఈ రెండిటినీ కలిపితే ఇంకో రెండు పుడతాయి. ఓమ్ సూత్రం ప్రకారం వోల్ట్స్ అంటే ఆంప్స్ ఇంటూ ఓమ్స్. పవర్ సూత్రంలో వోల్ట్స్ ఉన్న చోట దాన్ని పెట్టండి. అప్పుడు:

వాట్స్ = ఆంప్స్ × ఆంప్స్ × ఓమ్స్

అలాగే ఆంప్స్ ఉన్న చోట వోల్ట్స్ బై ఓమ్స్ పెడితే:

వాట్స్ = వోల్ట్స్ × వోల్ట్స్ ÷ ఓమ్స్

వీటిలో "ఆంప్స్ ఇంటూ ఆంప్స్ ఇంటూ ఓమ్స్" అనేదాన్ని బాగా గుర్తుపెట్టుకోండి. తీగలో పుట్టే వేడి ఇలాగే ఉంటుందని ఇంగ్లండ్‌కి చెందిన జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ ప్రయోగాలు చేసి 1841లో ప్రకటించాడు. ఆంప్స్ రెట్టింపు అయితే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. మూడు రెట్లు అయితే వేడి తొమ్మిది రెట్లు. ఇళ్లల్లో వైర్లు, ప్లగ్గులు కాలిపోవడం వెనక ఎక్కువగా ఉండే లెక్క ఇదే.

హీటర్ రాడ్‌తో మొదలుపెడదాం

చలికాలంలో బకెట్‌లో పెట్టే హీటర్ రాడ్ తీసుకుందాం. దాని మీద 230 వోల్ట్స్, 1500 వాట్స్ అని ఉందనుకోండి. ఆంప్స్ రాసి లేదు, ఓమ్స్ రాసి లేదు. మనమే కట్టాలి.

ఆంప్స్ = వాట్స్ ÷ వోల్ట్స్. 1500 బై 230, సుమారు 6.5 ఆంప్స్.

ఓమ్స్ = వోల్ట్స్ ÷ ఆంప్స్. 230 బై 6.52, సుమారు 35.3 ఓమ్స్.

సరిచూసుకుందాం. 6.52 ఇంటూ 6.52 ఇంటూ 35.3 కొట్టండి. దాదాపు 1500 వస్తుంది. కాస్త అటూ ఇటూగా వచ్చినా కంగారు పడకండి, మనం పాయింట్ తర్వాత అంకెల్ని కుదించాం కదా, అందుకే.

ఇప్పుడు 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె. 1000 బై 230, సుమారు 4.35 ఆంప్స్. 230 బై 4.35, సుమారు 53 ఓమ్స్.

2000 వాట్ల గీజర్ అయితే 8.7 ఆంప్స్, 26.5 ఓమ్స్.

ఇక్కడ ఒకటి గమనించండి. వాట్స్ పెరిగేకొద్దీ ఓమ్స్ తగ్గుతున్నాయి. చాలామంది ఉల్టాగా అనుకుంటారు, ఎక్కువ వేడి రావాలంటే రెసిస్టెన్స్ ఎక్కువ ఉండాలి అని. కానీ ఇంట్లో వోల్టేజ్ మారదు, అది 230 దగ్గరే ఉంటుంది. అడ్డం తగ్గితే ఎక్కువ ఆంప్స్ పారతాయి, పవర్ పెరుగుతుంది. షార్ట్ సర్క్యూట్ అంటే ఇదే సంగతి చివరిదాకా పోవడం. రెండు వైర్లు నేరుగా తగిలితే ఓమ్స్ దాదాపు సున్నా దగ్గరికి పడిపోతాయి, ఆంప్స్ వందల్లోకి ఎగబాకుతాయి. అప్పుడు ఎమ్‌సీబీ టక్కున పడిపోతుంది, లేదా ఫ్యూజ్ తెగిపోతుంది.

ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఎంత మోస్తుంది?

మన ఇళ్లల్లో రెండు సైజుల సాకెట్లు ఉంటాయి. చిన్నది 6 ఆంప్స్, పెద్దది 16 ఆంప్స్. మామూలుగా షాపులో కొనే ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో ఎక్కువ భాగం 6 ఆంప్స్‌వే. బాక్స్ వెనకాల తిప్పి చూడండి, రాసి ఉంటుంది.

6 ఇంటూ 230, 1380 వాట్లు. ఆ బాక్స్ మొత్తం మోయగలిగేది అంతే. ఒక్కో సాకెట్‌కి 1380 కాదు, అన్నీ కలిపి 1380. నాలుగు సాకెట్లు ఉన్నాయి కదా అని నాలుగు రెట్లు వేసుకోకండి. నాలుగిట్లోకీ వెళ్లే వైరు ఒక్కటే.

ఒక హాస్టల్ రూమ్ లెక్క కడదాం. ఇస్త్రీ పెట్టె 1000, ల్యాప్‌టాప్ ఛార్జర్ 65, ఫోన్ ఛార్జర్ 18, టేబుల్ ఫ్యాన్ 60. మొత్తం 1143 వాట్లు. 230తో భాగిస్తే దాదాపు 5 ఆంప్స్. పర్లేదు, 6 లోపే ఉంది. ఇంతలో రూమ్‌మేట్ వచ్చి మ్యాగీ చేసుకుందామని 1500 వాట్ల కెటిల్ అదే బాక్స్‌లో పెట్టాడు. ఇప్పుడు మొత్తం 2643 వాట్లు, అంటే 11.5 ఆంప్స్. ఆరు మోయాల్సిన బాక్స్ మీద పదకొండున్నర పడింది. ఆంప్స్ దాదాపు రెట్టింపు, అంటే వేడి మూడున్నర రెట్ల పైనే.

"ఎమ్‌సీబీ ఉంది కదా అన్నా, పడిపోతుంది" అంటారా? ఆ బాక్స్‌ని గోడకున్న పవర్ సాకెట్‌కి పెట్టి, దాని వెనక ఎమ్‌సీబీ 16 ఆంప్స్‌ది ఉంటే, దానికి 11.5 మామూలే. అది పడదు. అది కాపాడేది గోడలో ఉన్న మందం వైరుని, మీ ఎక్స్‌టెన్షన్ బాక్స్ వైరుని కాదు. 16 ఆంప్స్ పెద్ద ప్లగ్‌ని 6 ఆంప్స్ సాకెట్‌లో పెట్టడానికి కన్వర్టర్ ప్లగ్ అమ్ముతారు చూడండి, దాంతోనూ ఇదే సమస్య. ప్లగ్ ఆకారం మారింది గానీ గీజర్ లాగే 8.7 ఆంప్స్ మారలేదు. కొన్ని బాక్సుల్లో చిన్న ఫ్యూజ్ ఉంటుంది. అది పోయినప్పుడు రేకు ముక్కో, రాగి తీగో చుట్టేస్తే, ఉన్న ఆ ఒక్క కాపలా కూడా తీసేసినట్టే.

వదులు ప్లగ్ ఎందుకు కాలుతుంది?

ఇప్పుడు ఈ ఎపిసోడ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క.

0.75 చదరపు మిల్లీమీటర్ల సన్న రాగి వైరు ఉన్న 10 మీటర్ల ఎక్స్‌టెన్షన్ తీసుకోండి. కరెంటు వెళ్లడానికి ఒక వైరు, రావడానికి ఒక వైరు, అంటే 20 మీటర్ల రాగి. దాని రెసిస్టెన్స్ మొత్తం కలిపి సుమారు అర ఓమ్. దాన్లోంచి మన హీటర్ రాడ్‌కి 6.5 ఆంప్స్ పంపిస్తే వైరులో పుట్టే వేడి ఎంత? 6.5 ఇంటూ 6.5 ఇంటూ 0.5. దాదాపు 21 వాట్లు. అది 10 మీటర్ల పొడవునా పంచుకుంటుంది కాబట్టి, వైరు పరిచి ఉంటే చేతికి గోరువెచ్చగా తగులుతుందేమో, అంతే. అదే వైరుని చుట్ట చుట్టి మంచం కింద పడేసి వాడితే ఆ 21 వాట్లూ ఒకే చోట పోగవుతాయి. ఆరు ఆంప్స్ దాటుతోందన్న సంగతి సరేసరి. అందుకే వైరు చుట్ట విప్పి వాడాలి.

ఇప్పుడు వైరు మంచిదే, కానీ ప్లగ్ సాకెట్‌లో వదులుగా ఉంది అనుకోండి. పిన్ను అటూ ఇటూ ఊగుతోంది. లోపల ఇత్తడి రేకు పిన్నుని గట్టిగా పట్టుకోవట్లేదు, ఒక చిన్న చుక్క దగ్గర మాత్రమే తగులుతోంది. ఆ చుక్క దగ్గర రెసిస్టెన్స్ అర ఓమ్ అయింది అనుకుందాం. అర ఓమ్ అంటే ఏమంత లెక్క అనిపిస్తుంది, రాడ్‌దే 35 ఓమ్స్ కదా. కానీ అదే గుణకారం వేయండి, అవే 21 వాట్లు వస్తాయి. పది మీటర్ల వైరులో పరుచుకున్న వేడి మొత్తం ఇప్పుడు గుండుసూది తలకాయంత చోట పుడుతోంది. రేడియో రిపేర్ షాపులో తగరాన్ని కరిగించే సోల్డరింగ్ ఐరన్ ఉంటుంది చూడండి, అది మామూలుగా 25 వాట్లే. అంటే మీ సాకెట్ లోపల ఒక సోల్డరింగ్ ఐరన్ ఆన్ చేసి పెట్టినట్టు. చుట్టూ ఉన్నది ప్లాస్టిక్.

ఇంకో సంగతి. వేడికి ఆ రేకు ఇంకా వదులవుతుంది, పైన నల్లటి పొర పడుతుంది, దాంతో రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. ఇదంతా జరుగుతున్నా ఎమ్‌సీబీకి తెలీదు. ఎందుకంటే ఆంప్స్ పెరగలేదు, 6.5 దగ్గరే ఉన్నాయి, నిజానికి ఓ రవ్వ తగ్గాయి.

అదే వదులు సాకెట్‌లో ఫోన్ ఛార్జర్ పెడితే? 18 వాట్ల ఛార్జర్ గోడ నుంచి లాగేది సుమారు 0.1 ఆంప్. 0.1 ఇంటూ 0.1 ఇంటూ 0.5, అంటే 0.005 వాట్. ఏమీ కాదు. "ఇన్ని రోజులు ఇదే సాకెట్‌లో ఛార్జింగ్ పెట్టా, ఏం కాలేదు కదా" అని అదే చోట హీటర్ పెట్టేవాళ్లు ఉంటారు. ఆంప్స్ 65 రెట్లు పెరిగాయి. వేడి 65 ఇంటూ 65, నాలుగు వేల రెట్ల పైన పెరిగింది. ఏం కాలేదన్నది ఛార్జర్‌కి, హీటర్‌కి కాదు.

కాబట్టి ప్లగ్ పిన్నుల చుట్టూ గోధుమ రంగు మరక కనబడినా, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చినా, చిటచిటమని చప్పుడు వినిపించినా, స్విచ్ ఆపేసి తీశాక పిన్ను చురుక్కుమనేంత వేడిగా ఉన్నా, ఆ సాకెట్ పని అయిపోయింది. టేప్ చుట్టడం, కాగితం మడిచి దూర్చడం పరిష్కారం కాదు. మెయిన్ ఆపించి ఎలక్ట్రీషియన్‌తో సాకెట్ మార్పించాల్సిందే.

ఫాస్ట్ ఛార్జర్ వోల్టేజ్ ఎందుకు పెంచుతుంది?

ఇదే లెక్క మీ ఛార్జింగ్ కేబుల్‌లోనూ ఉంది. ఫోన్‌కి 18 వాట్లు పంపాలి. 5 వోల్ట్స్ దగ్గర పంపితే 18 బై 5, 3.6 ఆంప్స్. 9 వోల్ట్స్ దగ్గర పంపితే 18 బై 9, 2 ఆంప్స్ చాలు.

కేబుల్ రెసిస్టెన్స్ రానుపోను 0.2 ఓమ్ అనుకుందాం. మొదటి పద్ధతిలో కేబుల్‌లో వృథా అయ్యేది 3.6 ఇంటూ 3.6 ఇంటూ 0.2, సుమారు 2.6 వాట్లు. రెండో పద్ధతిలో 2 ఇంటూ 2 ఇంటూ 0.2, అంటే 0.8 వాట్ మాత్రమే. పవర్ అంతే పంపాం, నష్టం మూడో వంతు కన్నా తక్కువైంది. అందుకే చాలా ఫాస్ట్ ఛార్జర్లు వోల్టేజ్ పెంచుతాయి. వోల్టేజ్ పెంచకుండా ఆంప్స్ పెంచే కంపెనీలు మందమైన స్పెషల్ కేబుల్ ఇస్తాయి. ఆ ఛార్జర్‌కి రోడ్డు పక్కన కొన్న సన్న కేబుల్ పెడితే స్పీడ్ ఎందుకు రాదో ఇప్పుడు అర్థమైందా?

హైవే పక్కన పొలాల్లో పెద్ద పెద్ద టవర్ల మీద వెళ్లే 220 కిలోవోల్ట్స్, 400 కిలోవోల్ట్స్ లైన్లు కూడా ఈ పనే చేస్తున్నాయి. వోల్టేజ్ పెంచి, ఆంప్స్ తగ్గించి, దారిలో వేడిగా పోయేదాన్ని మిగుల్చుకోవడం.

లో వోల్టేజ్ వస్తే ఏమవుతుంది?

సాయంత్రం పూట కొన్ని ఊళ్లల్లో 230కి బదులు 180 వోల్ట్సే వస్తాయి. మన హీటర్ రాడ్ సంగతి చూద్దాం. రాడ్ రెసిస్టెన్స్ మారలేదు, 35.3 ఓమ్సే. 180 ఇంటూ 180 బై 35.3, సుమారు 918 వాట్లు. 1500 వాట్ల రాడ్ 918కి పడిపోయింది. వోల్టేజ్ తగ్గింది దాదాపు ఇరవై రెండు శాతం, పవర్ తగ్గింది దాదాపు నలభై శాతం.

20 లీటర్ల బకెట్‌లో నీళ్లని 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకి తేవాలంటే సుమారు 0.58 యూనిట్ కావాలి. 1500 వాట్లతో అది 23 నిమిషాల పని. 918 వాట్లతో 38 నిమిషాలు. బకెట్ నుంచి బయటికి పోయే వేడిని నేను లెక్కలోకి తీసుకోలేదు, కాబట్టి నిజంగా ఇంకాస్త ఎక్కువే పడుతుంది.

రాడ్‌కి నష్టం లేదు, మీ కాలేజ్ బస్సు పోతుంది, అంతే. కానీ పొలం దగ్గర బోరు మోటార్ అలా కాదు. మీద నీళ్ల బరువు ఉంది, తిరగాల్సిందే. వోల్టేజ్ తగ్గితే మోటార్ ఆంప్స్ ఎక్కువ లాగుతుంది. ఆంప్స్ 20 శాతం పెరిగితే వైండింగ్‌లో వేడి 1.2 ఇంటూ 1.2, అంటే 1.44 రెట్లు. గంటల తరబడి అలాగే నడిస్తే వైండింగ్ మీద వార్నిష్ కాలిపోతుంది. "లో వోల్టేజ్‌కి మోటార్ కాలిపోయింది" అని ఊళ్లో పెద్దవాళ్లు చెప్పే మాట వెనక ఉన్న లెక్క ఇదే.

ఈ లెక్కలో పొరపాటు పడే చోట్లు

ఒకటి, మిల్లీ ఆంప్స్. లేబుల్ మీద 500 మిల్లీ ఆంప్స్ అని ఉంటే సూత్రంలో 0.5 అని వేయాలి. 500 వేస్తే జవాబు వెయ్యి రెట్లు తప్పుతుంది.

రెండు, పాత ఫిలమెంట్ బల్బు. 100 వాట్ల బల్బుకి లెక్క ప్రకారం 230 ఇంటూ 230 బై 100, 529 ఓమ్స్ రావాలి. చల్లగా ఉన్న బల్బుని మల్టీమీటర్‌తో కొలిస్తే అందులో పదో వంతు దగ్గరే చూపిస్తుంది. మీటర్ చెడిపోలేదు. లోపలి టంగ్‌స్టన్ తీగ వేడెక్కితే దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. లెక్కలో వచ్చింది వెలుగుతున్న బల్బుది. స్విచ్ వేసిన క్షణంలో ఆంప్స్ ఒక్కసారిగా ఎక్కువ పారతాయి, అందుకే అలాంటి బల్బులు ఎక్కువగా స్విచ్ వేయగానే పోతుండేవి.

మూడు, ఫోన్, ఎల్‌ఈడీ లాంటివి. 5 వోల్ట్స్, 2 ఆంప్స్ దగ్గర ఛార్జ్ అవుతున్న ఫోన్‌కి 5 బై 2, 2.5 ఓమ్స్ అని రాయొచ్చు. కానీ అది ఆ క్షణానికే. బ్యాటరీ నిండేకొద్దీ ఫోనే ఆంప్స్ తగ్గించుకుంటుంది, ఓమ్స్ మారిపోతాయి.

నాలుగు, మోటార్లు. ఫ్యాన్, ఫ్రిజ్, బోరు మోటార్ లాంటి వాటికి ఏసీ సప్లైలో వోల్ట్స్ ఇంటూ ఆంప్స్ కొడితే సరిగ్గా వాట్స్ రావు. మధ్యలో పవర్ ఫ్యాక్టర్ అనేది ఇంకోటి గుణించాలి. 750 వాట్లు తీసుకునే మోటార్ పవర్ ఫ్యాక్టర్ 0.8 అయితే, అది లాగేది 3.3 ఆంప్స్ కాదు, 4.1 ఆంప్స్. రాడ్, ఇస్త్రీ పెట్టె, గీజర్ లాంటి వేడి వస్తువులకి ఆ గొడవ లేదు.

ఐదు, మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి సప్లై ఉన్న సాకెట్‌లో ఎప్పుడూ గుచ్చకండి. రెసిస్టెన్స్ కొలవాలంటే వస్తువుని ప్లగ్ నుంచి పూర్తిగా తీసేయాలి.

మీ ఒంటి రెసిస్టెన్స్

ఆఖరి లెక్క. దీన్ని మాత్రం ప్రయోగం చేసి చూడొద్దు, క్యాలిక్యులేటర్‌లోనే చేయండి.

మన ఒంటికీ రెసిస్టెన్స్ ఉంది. ఎక్కువ భాగం చర్మంలోనే ఉంటుంది. పొడి చర్మానికి లెక్కల్లో లక్ష ఓమ్స్ దాకా తీసుకుంటారు. 230 బై లక్ష, 0.0023, అంటే 2.3 మిల్లీ ఆంప్స్. జివ్వుమంటుంది. అలాగని పొడి చెయ్యి క్షేమమని కాదు, వోల్టేజ్‌కి చర్మం దెబ్బతిని ఆ లక్ష ఓమ్స్ క్షణాల్లో పడిపోవచ్చు. చర్మం తడిగా ఉంటే అది వెయ్యి ఓమ్స్ దగ్గరికి దిగిపోతుంది. 230 బై 1000, 0.23, అంటే 230 మిల్లీ ఆంప్స్. గుండె లయ తప్పడానికి అది చాలా ఎక్కువ.

ఇప్పుడు ఎమ్‌సీబీ వైపు చూడండి. అది 16 ఆంప్స్ కోసం కాచుకుని ఉంది. మనిషి ఒంట్లోంచి పోతున్నది 0.23 ఆంప్. దాని లెక్కలో అది ఒక నైట్ బల్బు, ఫోన్ ఛార్జర్ లాంటిది. పడిపోయే ప్రశ్నే లేదు. అందుకే ఇంట్లో ఆర్‌సీసీబీ అని ఇంకోటి ఉండాలి. ఇళ్లకి పెట్టేది 30 మిల్లీ ఆంప్స్‌ది. వెళ్లిన ఆంప్స్, తిరిగొచ్చిన ఆంప్స్ సమానంగా ఉన్నాయా అని అది చూస్తూ ఉంటుంది. ఒంట్లోంచి భూమిలోకి తేడా పోయిందంటే కన్ను మూసి తెరిచేలోపు సప్లై కట్ చేస్తుంది. మీ మెయిన్ బోర్డులో "టెస్ట్" అని చిన్న బటన్ ఉన్న స్విచ్ ఉందేమో ఈ రోజే చూడండి. లేకపోతే ఇంట్లో నాన్నకో, హాస్టల్ ఓనర్‌కో చెప్పండి.

హీటర్ రాడ్ విషయంలో రూల్ ఒక్కటే. నీళ్లు వేడయ్యాయా అని వేలు పెట్టి చూసే ముందు స్విచ్ ఆపడం కాదు, ప్లగ్ తీసేయాలి. స్విచ్ తప్పు వైరులో బిగించి ఉంటే, ఆపినా రాడ్ దాకా సప్లై వస్తూనే ఉంటుంది. మూడు పిన్నుల ప్లగ్ ఉన్న రాడ్, ఎర్త్ సరిగ్గా ఉన్న సాకెట్, ప్లాస్టిక్ బకెట్, కాళ్లకి చెప్పులు. ఇవన్నీ ఒంట్లోంచి పోయే ఆంప్స్‌ని తగ్గించే ఏర్పాట్లే.

మీకో చిన్న పని

మూడు లెక్కలు ఇస్తున్నా. ముందు మీరే చేయండి, తర్వాత కింద జవాబు చూసుకోండి.

మొదటిది: 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్‌ని 6 ఆంప్స్ ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో పెట్టొచ్చా?

రెండోది: 20 వోల్ట్స్, 3.25 ఆంప్స్ అని రాసి ఉన్న ల్యాప్‌టాప్ ఛార్జర్ ఎన్ని వాట్లది?

మూడోది: 230 వోల్ట్స్ దగ్గర 4 ఆంప్స్ లాగుతున్న టోస్టర్ రెసిస్టెన్స్ ఎంత, పవర్ ఎంత?

జవాబులు. మొదటిది, 2000 బై 230, 8.7 ఆంప్స్, కాబట్టి పెట్టకూడదు. గోడకున్న 16 ఆంప్స్ సాకెట్‌లోనే పెట్టాలి. రెండోది, 65 వాట్లు. మూడోది, 230 బై 4, 57.5 ఓమ్స్, 230 ఇంటూ 4, 920 వాట్లు.

ఈ ఎపిసోడ్ నుంచి ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి: వస్తువు మీద వాట్స్ రాసి ఉంటాయి, ప్లగ్‌ని కాల్చేది మాత్రం ఆంప్స్. వాట్స్‌ని 230తో భాగిస్తే ఆంప్స్ వచ్చేస్తాయి. పది సెకన్ల పని. కొత్త వస్తువు ఏది ప్లగ్‌లో పెడుతున్నా ముందు ఆ పది సెకన్లు ఆగండి.

మీ రూమ్‌లో ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద మొత్తం ఎన్ని ఆంప్స్ పడుతున్నాయో లెక్క కట్టి కామెంట్‌లో పెట్టండి. 6 దాటినవాళ్లు కామెంట్ పెట్టేముందు ఒక ప్లగ్ తీసేసి రండి. వచ్చే ఎపిసోడ్‌లో కరెంటు బిల్లు మీద ఉన్న స్లాబులు, యూనిట్ల సంగతి చూద్దాం.